లెక్క అడగమన్నది నేనే

హలో... ఆ, అందరికీ వినబడుతోందా? ఒక్క నిమిషం ఆగండి, గాలి హోరు ఎక్కువగా ఉంది, బండి చాటుకు వచ్చి కూర్చుంటాను. ఆ, ఇప్పుడు బాగుంది. నేనండీ, ఇస్సాత్‌ని, ఉత్తరాన రెయిన్‌డీర్లు, అంటే మంచుదుప్పులు, మేపుకునే రస్సెయావ్రి నుంచి. మొన్న దూడల ఫోటోలు పెడితే కింద ఎవరో అడిగారు, "అంకుల్, పశువుల డాక్టరు పక్కన నవ్వుతూ నిలబడింది మీ ఆవిడేనా?" అని. మా ఆవిడే. అడిగారు కాబట్టి చెప్తాను. ఒక్క వేసవి సంగతి, పన్నెండేళ్ళయింది. నేను ఆరో తరగతి దాటలేదు, మాట అటూ ఇటూ అయితే సర్దుకోండి. ఇందులో మంచివాణ్ణి నేను కాదని కూడా ముందే చెప్పేస్తున్నాను.

కంగస్ డాక్టరు మా వైపు వచ్చి అప్పటికి రెండేళ్ళు. హెల్సింకి వైపు మనిషి. పొడుగ్గా ఉంటాడు, ఎప్పుడూ తుమ్మబోతున్నట్టు ముఖం. వచ్చిన మొదటి ఏడు, ఇంకా మంచు పడకముందే, పక్క ఊళ్ళో ఒకాయన తన పోతు రెయిన్‌డీర్‌ని ఎలుగుబంటి చంపేసిందని, ప్రభుత్వం పరిహారం ఇవ్వాలని కూర్చున్నాడు. మెడ మీద పళ్ళు దిగిన గుర్తులు కనబడుతూనే ఉన్నాయి. మన డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని మెడ దగ్గర తోలు ఒలిచి చూపించాడు. "బతికున్నదాన్ని కరిస్తే తోలు కింద నల్లగా కమిలిపోవాలి. ఇక్కడ తెల్లగా ఉంది. ఇది చచ్చిపోయాక కరిచింది" అన్నాడు. ఇంకాస్త వెతికితే పక్కటెముకల్లో తుపాకి గుండు దొరికింది. ఆ తర్వాత నాలుగు కుక్కలు వరసగా చచ్చిపోతే, వాటి పొట్టలు కోసి చూసి విషం కలిపిన మాంసం ఎవరు పెట్టారో కూడా పట్టేశాడు. అంతే, ఇక ఊరంతా ఒకటే మాట: ఈయన సూదులు వేసే డాక్టరు కాదయ్యా, దొంగల్ని పట్టే డాక్టరు.

అంతకుముందు ఆ మాట ఎవరి గురించి అనేవాళ్ళో తెలుసా? నా గురించి. మా దగ్గర దూడ పుట్టిన వేసవిలోనే చెవి కోసి గుర్తు పెడతాం, ఒక్కో ఇంటికి ఒక్కో కోత. నూట యాభై ఇళ్ళ చెవికోతలు నాకు నోటికొచ్చు. మంద పరిగెడుతుంటే చూసి ఇది ఫలానావాళ్ళది, అది ఫలానావాళ్ళది అని చెప్పేస్తాను. ఎక్కడ తగువొచ్చినా "ఇస్సాత్‌ని పిలవండి" అనేవాళ్ళు. ఆ రెండేళ్ళలో నన్ను పిలిచినవాడు లేడు.

అది ఒక మంట. రెండోది ఇంట్లో ఉంది.

డాక్టరుకి మా భాష రాదు, మా బురదనేలల్లో దారులు తెలీవు. ముసలివాళ్ళకేమో ఫిన్నిష్ సగమే వచ్చు. అందుకని మా మందల సంఘంవాళ్ళు మా ఆవిడ రౌద్నని ఆయనకు తోడు పెట్టారు. నాలుగు చక్రాల బండి ఆమె నడుపుతుంది, ఆయన వెనక కూర్చుంటాడు. వారంలో మూడు రోజులు. మొదట్లో నాకేమీ అనిపించలేదు. తర్వాత గమనించడం మొదలుపెట్టాను. తలకు కట్టుకునే రుమాలు మారింది. మా దగ్గర కాఫీలో జున్నుముక్క వేసుకుంటాం, అది నాకు ఒకటి, ఆయనకు రెండు. ఇంటికొచ్చి చెప్పే కబుర్లన్నీ "డాక్టరుగారు ఏమన్నారంటే" అని మొదలయ్యేవి. బండి ఇంకా కొండ మలుపు తిరగకముందే ఆమె నవ్వు వినబడేది నాకు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ నవ్వు నేను ఎన్నిసార్లు విన్నానా అని లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఇక ఎల్లె పెద్దమ్మ సంగతి. రౌద్న తల్లి చిన్నప్పుడే పోతే పెంచింది ఈ పెద్దమ్మే. పిల్లల్లేరు, మొగుడు పోయాడు. ఆమె చెవికోత చాలా పాతది, ఎడమ చెవి కొన అడ్డంగా ఒక్క కోత, అంతే. ఆమె అమ్మమ్మ నుంచి వచ్చింది. అంత సాదా గుర్తు మా వైపు ఇంకెవరికీ లేదు. ఆ వేసవి మొదట్లోనే పెద్దమ్మ చెప్పేసింది: "ఈ శరత్కాలంలో మంద దిగినప్పుడు నా తల్లుల వెంట దూడలు కనబడితే, నా గుర్తు రౌద్న పేర పెట్టిస్తాను. పోయినేడులా ఖాళీగా దిగితే మాత్రం తల్లుల్ని మాంసానికి అమ్మేసి, పట్నంలో ముసలోళ్ళ ఇంట్లో కూర్చుంటాను. చచ్చిన గుర్తు ఇచ్చి దాన్ని ఏడిపించడం ఎందుకు?"

రౌద్న ఆ మాట విన్న రోజున ఏమీ తినలేదు. ఆమెకు పుట్టింటివైపు నుంచి మిగిలింది ఆ ఒక్క కోతే.

జూన్ ఆఖర్లో దూడలకు చెవులు కోశాం. పెద్దమ్మ తన దూడలకు తనే కోసింది. ముసలి చెయ్యైనా కోత ఒక్కటీ వంకర పోలేదు. ఒక్కోదాన్నీ నేను పట్టుకున్నాను. మూడు వారాలు తిరక్కుండా, ఒకరోజు డాక్టరు కొండ మీంచి దిగివచ్చి మా గుమ్మంలోనే అన్నాడు:

"ఎల్లె గారి తల్లులు మూడింటిని చూశాం. పొదుగులు రాయిలా ఉన్నాయి. దూడలు లేవు."

"ఏ గద్దో ఎత్తుకెళ్ళి ఉంటుంది," అన్నాను నేను. "లేకపోతే ఎలుగు."

"ఎముక లేదు, తోలు ముక్క లేదు, ఒక్క కాకి కూడా తిరగడం లేదు. చచ్చిన దూడ ఉన్నచోట కాకులు ఉండాలి కదా ఇస్సాత్ గారూ?"

నిజమే. నాకు తట్టవలసిన మాట. రౌద్న ఆయన వైపు చూసిన చూపు నేను చూశాను. నా కాఫీ చల్లారిపోయింది, తాగలేదు.

మర్నాడు హెయికా వచ్చాడు. వాడు నాకు బంధువేమీ కాదు, అలవాటుగా బావా అంటాడు. నది అవతల వాడి బావమరిది మంద ఉంది, ఇవతల వాడిది. మాటకారి. ఇంటి ముందు మంట దగ్గర కూర్చున్నాం, దోమలకు పచ్చికొమ్మలు వేసి పొగ పెట్టుకుని.

"ఏం బావా, చెల్లెమ్మ ఏదీ?"

"కొండమీదకి."

"డాక్టరుతోనేనా? మొన్న కూడా వెళ్ళిందిగా!"

"పనిరా."

"పనే, ఎవరు కాదన్నారు? మంచిదేలే. మనిషి మొహంలో కళ వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఎలా నవ్వేదో అలా నవ్వుతోంది, మా ఆవిడ కూడా అంది." ఎండుమాంసం ముక్క కోసి నాకు అందించాడు. "నిన్ను చూస్తేనే బాధేస్తోంది. ఇదివరకు చెవి తగువొస్తే నీ గుమ్మం ముందు నాలుగు బళ్ళు ఆగేవి."

నేను మంటలోకి ఇంకో పచ్చికొమ్మ తోశాను. వాడు నవ్వాడు.

"ఎల్లె పెద్దమ్మ దూడల సంగతి తేల్చడానికి ఆవిడ దగ్గరికి వెళ్తాడట. ఎన్ని ఉన్నాయో, ఎన్ని పోయాయో తెలియాలి కదా ఆయనకి. ఎలా అడగాలని నిన్నే అడుగుతాడు, చూస్తూండు. సూటిగా అడగమను."

"నోరు ముయ్యి."

"సరదాకి బావా! ఒక్కసారి పెద్దమ్మ మొహం ఊహించుకో. దొరగారు కూడా ఒకసారి బురదలో కాలు పెట్టనీ. చదువుంటే సరిపోదని తెలుస్తుంది."

మా దగ్గర ఎవర్నీ అడగకూడని మాట ఒకటుందండీ. "నీకు రెయిన్‌డీర్లు ఎన్ని?" అని. ఒకరి పెట్టె తాళం తీసి లోపల చెయ్యి పెట్టినట్టు అది. అన్నదమ్ములు అడగరు, మొగుడూ పెళ్ళాలు అడగరు. తెలుసుకోవాలంటే దగ్గర కూర్చోవాలి. ఈ ఏడు గాలి ఎలా ఉంది, దోమలు ఎలా ఉన్నాయి అంటూ పోవాలి. అప్పుడు ఆమే "ఒంటికొమ్ముదాని దూడ కనబడలేదు, తెల్లమూతిదాని దూడ కనబడలేదు" అంటూ ఒక్కోదాన్నీ పేరు పెట్టి చెప్తుంది. మనం లోపల్లోపల వేళ్ళు మడుచుకోవాలి.

రెండు రోజులకు డాక్టరు నిజంగానే వచ్చాడు. రౌద్న వల తీయడానికి చెరువు మీదికెళ్ళింది.

"మీ పద్ధతులు నాకింకా సరిగా తెలీవు," అన్నాడు. "పెద్దావిడతో ఎలా మొదలుపెట్టాలి? రౌద్న గారిని అడుగుదామనుకున్నాను. పెద్దావిడ ఆమెకు తల్లిలాంటిది కదా, ఆమెను ఇరకాటంలో పెట్టడం బాగుండదని మీ దగ్గరికొచ్చాను."

ఆ మనిషి ముఖంలో ఒక్క వంకర లేదు. అది చూస్తే ఇంకా మండింది నాకు.

"సూటిగా అడగండి," అన్నాను. "మావాళ్ళకు డొంకతిరుగుడు నచ్చదు. మా భాషలోనే అడిగితే ఇంకా సంతోషిస్తుంది."

"నేర్పుతారా?"

నేర్పాను. కూర్చోబెట్టి మాట మాటా నేర్పాను. మొదటిసారి తప్పుగా పలికాడు, దిద్దాను. రెండోసారి చివరి మాట మింగేశాడు, సాగదీయమన్నాను. మూడోసారికి చక్కగా వచ్చింది. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుని, నా చెయ్యి పట్టుకుని ఊపి మరీ వెళ్ళాడు. చెయ్యి వదిలించుకున్నాక ప్యాంటుకి తుడుచుకున్నాను నేను.

పెద్దమ్మ ఇంటికి ముగ్గురం వెళ్ళాం. నేను రానవసరం లేదు, అయినా వెళ్ళాను, చూడాలిగా. పెద్దమ్మ కాఫీ పోసింది. డాక్టరు కప్పు కింద పెట్టి, బడిపిల్లాడిలా వీపు నిటారుగా చేసుకుని, స్పష్టంగా, మా భాషలో అడిగేశాడు. నీకు రెయిన్‌డీర్లు ఎన్ని అని.

రౌద్న మెడ మీదికి ఎరుపు పాకింది. పెద్దమ్మ మెల్లిగా లేచి, ఆయన ముందున్న కప్పు తీసింది. సగం కాఫీ ఇంకా ఉంది అందులో.

"ఉన్నాయి నాయనా," అంది. "నా దారి నేను చూసుకునేటన్ని ఉన్నాయి. నీ దారి అదిగో."

బయటికొచ్చాక డాక్టరు అయోమయంగా రౌద్న వైపు తిరిగాడు. "ఏమైంది? తప్పుగా పలికానా?"

"చాలా బాగా పలికారు," అంది రౌద్న. బండెక్కి, ఆయన్ని అక్కడే వదిలేసి వచ్చేసింది.

తర్వాతి పది రోజులు పోయినంత హాయిగా నా జీవితంలో ఎప్పుడూ నిద్రపోలేదు. సిగ్గేస్తుంది చెప్పడానికి, కానీ అదే నిజం. రౌద్న డాక్టరుతో మాట్లాడలేదు. ఆయన ఒక్కడే బండి వేసుకెళ్ళి బురదనేలలో దిగబడి, మోకాళ్ళదాకా బురదతో నడుచుకుంటూ ఊళ్ళోకి వచ్చాడని హెయికా చెప్తే పడీ పడీ నవ్వాను. జున్నుముక్కలు రెండూ నాకే పడ్డాయి. రౌద్న మాత్రం నవ్వడం మానేసింది, అదొక్కటే నేను పట్టించుకోలేదు. ఆ పది రోజుల్లో పెద్దమ్మ తల్లులు ఇంకో పదిదాకా ఖాళీగా తిరగడం మొదలుపెట్టాయి, దూరం నుంచే తెలిసిపోయేది. పెద్దమ్మ తన మంద దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. డాక్టర్నే కాదు, సంఘంవాళ్ళని కూడా. "మళ్ళీ లెక్క అడుగుతారా?" అంటూ తలుపేసుకుంది. పట్నంలో గది ఖాళీ ఉందేమో కనుక్కోమని రౌద్నకి కబురు చేసింది.

పదకొండో రోజు డాక్టరు మా ఇంటి ముందు బండి దిగాడు. రౌద్న అరుగు మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. తలెత్తలేదు.

"కోపం ఉంటే ఉండనీయండి, ఒక్కటి చూడండి," అన్నాడాయన. "నది అవతల దూడలకు చెవులు వాచి చీము పట్టిందంటే వెళ్ళాను. ఈగలు పురుగులు పెట్టేశాయి. కడిగి చూస్తే ఒక్కో చెవి మీద గాయాలకు రెండు వయసులున్నాయి."

"రెండు వయసులేంటి?" అన్నాను.

ఆయన తన పుస్తకంలో చెవి బొమ్మ గీసి నా చేతిలో పెట్టాడు. "కొన మీద కోత మానిపోయింది, అంచున వెంట్రుకలు కూడా వస్తున్నాయి. దాని కిందున్న రెండు గంట్లూ, కుడిచెవి చీలికా మాత్రం పచ్చివి. ఒకే దూడని నెల్లాళ్ళ తేడాతో రెండుసార్లు ఎవరైనా కోస్తారా?"

చెవి బొమ్మ కదా, చదవడం నాకు ఊపిరి పీల్చినంత తేలిక. ఎడమ కొన, రెండు గంట్లు, కుడి చీలిక. అది హెయికా బావమరిది గుర్తు. అందులోంచి పచ్చివన్నీ తీసేస్తే మిగిలేది ఒక్క కొనకోత. ఎల్లె పెద్దమ్మది. నూట యాభై చెవులు నోటికొచ్చినవాణ్ణి, పెద్దమ్మ కోతకి రెండు గంట్లూ ఒక చీలికా కలిపితే వాళ్ళదైపోతుందని నాకు ఎప్పుడో తట్టి ఉండాలి. నా కళ్ళు ఆ వేసవంతా చెవుల మీద లేవు. మంట దగ్గర ఎండుమాంసం కోసిచ్చిన హెయికా చెయ్యి గుర్తొచ్చింది; డాక్టరు పెద్దమ్మ మంద దగ్గరికి రాకూడదనే వాడు నన్ను ఎగదోసింది.

"రుజువు చెయ్యాలంటే ఒకటే దారి," అంటున్నాడు డాక్టరు. "తల్లుల్నీ ఈ దూడల్నీ ఒక దొడ్డిలో వదలాలి. దూడ ఎవరి వెంట వెళ్తే వాళ్ళది, మీ పద్ధతే కదా. కానీ పొదుగులు ఎండిపోతున్నాయి. ఇంకో వారం పోతే తల్లులు వాటిని మర్చిపోతాయి. ఎల్లె గారు నన్ను గుమ్మం తొక్కనివ్వరు. రౌద్న గారూ, నేనేం తప్పు చేశానో అదైనా చెప్పండి."

రౌద్న కత్తి ఆపింది. "ఆ మాట మీకు ఎవరు నేర్పారు?"

"ఇస్సాత్ గారు. పాపం ఓపిగ్గా మూడుసార్లు పలికించారు."

ఆమె మళ్ళీ చేప గీకడం మొదలుపెట్టింది. తోక నుంచి తల వైపు, తోక నుంచి తల వైపు. ఒక పొలుసు ఎగిరి నా బూటు మీద పడింది. ఆమె దాన్ని చూసింది. నన్ను చూడలేదు.

తిట్టినా బాగుండేది. నేను నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ నిలబడ్డాను. ఆ తర్వాత నడక మొదలుపెట్టాను, పెద్దమ్మ ఇంటి వైపు. వెనక బండి చప్పుడైంది, తిరిగి చూడలేదు.

పెద్దమ్మ కిటికీ దగ్గర కూర్చుని తోలుబూటు కుట్టుకుంటోంది.

"ఆ మాట నేర్పింది నేను," అన్నాను గుమ్మంలోనే.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"చివరి మాట అలా సాగదీసేది మీ ఇంట్లోవాళ్ళే. మీ నాన్నా అంతే. ఆ పొడుగాయన నోరు తెరిస్తే నువ్వే మాట్లాడుతున్నట్టుంది."

"మరి రౌద్నకి చెప్పలేదేం?"

"మీ ఇంట్లో నిప్పు పెట్టడం నా పనా? నువ్వే వస్తావని చూశాను. పదకొండు రోజులు పట్టింది నీకు." సూది దించి నా వైపు చూసింది. "ఎందుకు చేశావురా?"

"కుళ్ళు, పెద్దమ్మా."

"ఊఁ. కనీసం అబద్ధం చెప్పలేదు."

ఏం చేస్తే ఆ మాట వెనక్కి పోతుందో దారంతా ఆలోచిస్తూ వచ్చాను. ఒక్కటే తోచింది. టోపీ తీసి, ఆమె ముందు నిలబడి, నా లెక్క చెప్పాను. నా రెయిన్‌డీర్లు ఎన్నో, తల్లులెన్నో, పోతులెన్నో, ఈ ఏటి దూడలెన్నో, పైకి, వినబడేలా. మా నాన్నకు కూడా చెప్పని లెక్క. మీకు చెప్పను, అడక్కండి. బట్టలు విప్పి నిలబడినా అంత చలి వెయ్యదు.

పెద్దమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"అంతేనా?" అంది. "నీ నడక చూసి దానికి రెట్టింపు ఉంటాయనుకున్నా."

వెనక ఎవరో ముక్కుతో నవ్వు ఆపుకున్నారు. తిరిగి చూస్తే గుమ్మంలో రౌద్న. ఎప్పుడొచ్చిందో, అంతా వింది. నవ్వింది పెద్దమ్మ మాటకే, నాకు కాదు. నేను చూడగానే ముఖం తిప్పేసుకుంది.

"రేపు నా తల్లుల్ని దించుతాను," అంది పెద్దమ్మ. "ఆ పొడుగాయన్ని రమ్మను. కాఫీ సగంలో తీసేశాను, పాపం."

రెండో రోజుకి సంఘం దొడ్డిలో ఊరంతా చేరింది. నది అవతలి దూడల్ని సంఘం పెద్ద దగ్గరుండి తెప్పించాడు. హెయికా, వాడి బావమరిది కంచెకు ఆనుకుని నిలబడ్డారు. ముందు దూడల్ని వదిలారు, తర్వాత తల్లుల్ని. మొదట అంతా దుమ్ము, గురగురమని గొంతులు. ఒక దూడ ఒంటికొమ్ముదాని పొదుగు కిందికి దూరబోయింది, అది నుదుటితో నెట్టేసింది. తర్వాత వాచిన చెవి వేలాడేసుకుని ఇంకొకటి వచ్చింది. ఒంటికొమ్ముది దాని వీపు వాసన చూసి, కదలకుండా నిలబడిపోయింది. దూడ మోకాళ్ళ మీద కూలబడి తాగేస్తోంది.

"ఒకటి," అంది బోర్లించిన బాల్చీ మీద కూర్చున్న పెద్దమ్మ, అందరికీ వినబడేలా. తన మందని ఆమె పైకి లెక్కపెట్టడం ఎవరం ఎప్పుడూ వినలేదు.

"ఆకలేస్తే ఏ దూడైనా ఏ తల్లి దగ్గరికైనా పోతుంది," అన్నాడు హెయికా గట్టిగా.

"పోతుంది," అన్నాడు డాక్టరు. "తల్లే రానివ్వదు."

తొమ్మిది దాకా వచ్చింది లెక్క. హెయికా ముఖానికి చెమట పట్టింది. ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"ఈ సూదుల డాక్టరుకి మన చెవులేం తెలుసు? బావా, నువ్వు చెప్పు. నీకంటే తెలిసినవాడు ఉన్నాడా ఇక్కడ? ఎవరి గుర్తు ఇది?"

రెండేళ్ళ తర్వాత మళ్ళీ అందరూ నా వైపు చూశారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో కూడా నాలో ఒకడు అడిగాడు: ఔనంటే ఆ డాక్టరు ఇంకో మెట్టు ఎక్కుతాడు, తెలుసా? దొడ్డిలోకి దిగి ఒక దూడని పట్టుకున్నాను. చెవి వేడిగా కాలిపోతోంది. వేళ్ళతో తడిమి చదివాను.

"కొనకోత ఎల్లె పెద్దమ్మది. పెద్దమ్మ కోస్తుంటే పట్టుకున్నది నేనే. గంట్లు తర్వాతవి. చీలిక తర్వాతది. డాక్టరుగారు చెప్పింది నిజం."

"ఓహో! ఆయనకు ఆ బూతుమాట నేర్పినవాడివి నువ్వా నీతులు చెప్పేది? చెప్పమంటావా అందరికీ?" హెయికా అరిచాడు.

"అది మా ఇంటి సంగతి, అయిపోయింది," అంది పెద్దమ్మ బాల్చీ మీంచి లేవకుండానే. "నువ్వు నీ సంగతి చూసుకో. మిగతా దూడలేవీ?"

మిగతావి మళ్ళీ కనబడలేదు. ఇద్దరినీ పోలీసులు తీసుకెళ్ళారు, అదంతా వేరే కథ. నేను అప్పుడు చూసింది మాత్రం రౌద్ననే. డాక్టరు వైపు చూస్తోందా, నా వైపు చూస్తోందా అని. ఆమె ఎవరి వైపూ చూడటం లేదు. ఒంటికొమ్ముదాని కింద పాలు తాగుతున్న ఆ దూడని చూస్తోంది.

సెప్టెంబరులో పెద్దమ్మ గుర్తు రౌద్న పేరున ఎక్కింది. ఆ కాగితం వచ్చిన రోజు భోజనాల దగ్గర చెప్పింది నాతో: "నా మంద వేరేగా పెట్టుకుంటాను. నీదాంట్లో కలపను."

"సరే," అన్నాను.

అంతే. అరుచుకోలేదు. ఒకే ఇల్లు, ఒకే మంచం, ఒకే కాఫీ కెటిల్. మందలు మాత్రం రెండు. డాక్టరుతో పని ఆమె మానలేదు, నేను మానమనలేదు. ఆయన తర్వాత మా బడి టీచర్ని పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు కూడా. నేను అనుకున్నదేదీ లేదు, ఎప్పుడూ లేదు. అది తెలిశాక మంట ఆరిపోవాలి కదా? ఆరలేదండీ. ఎందుకంటే ప్రతి శరత్కాలం పురుగులు పట్టకుండా మందలకు ఆయనే సూదులు వేస్తాడు. ఒక్కో తలకు ఒక్కో సూది, ఎన్ని వేశాడో పుస్తకంలో రాసుకుంటాడు. నా లెక్క ఆ రోజు గుమ్మంలో నిలబడి రౌద్న వింది. రౌద్న లెక్క డాక్టరుకి తెలుసు. నాకు తెలీదు. నేను అడగకూడదు.

పోయిన శరత్కాలంలో సూదులు అయిపోయాక రౌద్నా డాక్టరూ దొడ్డి తలుపులు వేయడానికి వెళ్ళారు, నేను ఆయన కారులో ముందు సీట్లో కూర్చున్నాను. పక్కన ఆయన నడిపే సీటు మీద ఆ పుస్తకం తెరిచే ఉంది. కిటికీలోంచి గాలికి కాగితాలు కదులుతున్నాయి. మెడ కాస్త తిప్పితే చాలు. కళ్ళు గట్టిగా మూసుకుని, వాళ్ళు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. తలుపు తెరిచి రౌద్న నన్ను చూసింది, పుస్తకాన్ని చూసింది.

"నిద్రపోయావా?" అంది.

"ఊఁ," అన్నాను.

ఆమె పుస్తకం మూసి తన ఒళ్ళో పెట్టుకుని, వెనక సీట్లో కాకుండా నా పక్కనే ఇరుక్కుని కూర్చుంది.

ఇదండీ సంగతి. గాలి మళ్ళీ లేచింది, ఉంటాను. మీకు తెలిసినవాళ్ళలో నాలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు, పక్కవాడి పేరు వింటేనే కాఫీ చల్లార్చుకునేవాడు. ఎందుకు పంపుతున్నారో చెప్పకుండా ఈ కథ వాడికి ఒకసారి పంపించండి. వాడికే అర్థమవుతుంది.